పాత ప్లేస్టేషన్ 3 డిస్క్ మొరాయిస్తోంది: ముందు కాపీనా, ముందు రిపేరా?

ప్రశ్న

పేరు రాయవద్దంటూ ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె తమ్ముడు 2014లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు 160 జీబీ ప్లేస్టేషన్ 3 స్లిమ్ గేమ్ కన్సోల్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. తర్వాత అమెరికా వెళ్తూ అక్క ఇంట్లో పెట్టి వెళ్లాడు. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆమె కొడుకు సాయంత్రాలు దానితోనే ఆడుకుంటాడు. ఈ నెలలో మూడుసార్లు ఆన్ చేయగానే హార్డ్ డిస్క్‌లోని ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో చూపే లెక్క) పాడైందని, సరిచేస్తామని తెర మీద సందేశం వచ్చింది. రెండుసార్లు ఆడుతుండగా కరెంటు పోయాక వచ్చింది. మూడోసారి మాత్రం ముందురోజు రాత్రి పద్ధతిగానే ఆపినా, మర్నాడు వచ్చింది. ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న ఒక గేమ్ ఎప్పుడూ ఒకే చోట కొన్ని సెకన్లపాటు బిగుసుకుపోయి మళ్లీ కదులుతోంది.

దగ్గర్లోని రిపేరు షాపతను "ఫార్మాట్ కొట్టిస్తే కొత్తదానిలా పరిగెడుతుంది" అన్నాడు. తమ్ముడేమో "అందులో నా పదేళ్ల సేవ్‌లున్నాయి, సంక్రాంతికి నేను వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకక్కా" అంటున్నాడు. కొడుకు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని మెమరీ డ్రైవ్) వేయించమని పట్టుబడుతున్నాడు. "పాతదాన్ని పారేసి కొత్తది కొందాం" అని భర్త. "వాడు నమ్మి నా దగ్గర పెట్టిన వస్తువు. నా చేతిలో పోతే వాడికేం చెప్పాలి? డిస్క్ తీసి ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే లోపలివి కాపీ అవుతాయా? కొత్త డిస్క్ వేసినా మళ్లీ ఇదే గతా?" అని అడుగుతున్నారామె.

సమాధానం

మీ చుట్టూ నలుగురూ నాలుగు మాటలు చెబుతున్నారు గానీ, వాటిలో తక్షణం ప్రమాదమైనది షాపతని మాట ఒక్కటే. ఫార్మాట్ చేస్తే డిస్క్ మీదున్నదంతా పోతుంది. అరిగిపోయిన డిస్క్ ఫార్మాట్‌తో బాగుపడదు. కొన్నాళ్లు బాగున్నట్టు కనిపించి మళ్లీ మొదటికి వస్తుంది. ఈలోపు మీ తమ్ముడి సేవ్‌లు, అంటే ఆటల్లో ఎక్కడిదాకా వచ్చాడో దాచుకున్న ఫైళ్లు, పోయి ఉంటాయి. కాబట్టి అతనికి మర్యాదగా వద్దని చెప్పేయండి.

ఇక అసలు సంగతి. డిస్క్ ఎప్పటికీ పాడవకుండా చూడటం ఎవరి వల్లా కాదు. స్లిమ్‌తో వచ్చిన ఒరిజినల్ డిస్క్ నిమిషానికి 5400 చుట్లు తిరిగే 2.5 అంగుళాల ల్యాప్‌టాప్ డిస్క్. దాన్ని ఎవరూ మార్చి ఉండకపోతే ఇప్పటికి సుమారు పదిహేనేళ్ల వయసుంటుంది. మన చేతిలో ఉన్నది డిస్క్ ఆయుష్షు కాదు, పనుల వరస. కాపీ ముందు, పరీక్ష తర్వాత, రిపేరు చివర. ఈ వరస తప్పితే ఒక్కోసారి ఏదీ మిగలదు.

ముందుగా మీరు చెప్పిన లక్షణాలు చూద్దాం. కరెంటు పోయాక ఫైల్ సిస్టమ్ సందేశం వచ్చిందంటే డిస్క్ చెడిపోయిందని అర్థం కాదు. ఏదో రాస్తుండగా విద్యుత్ ఆగితే ఆ రాత సగంలో తెగుతుంది, తర్వాత ఆన్ చేసినప్పుడు కన్సోల్ దాన్ని పట్టుకుని సరిచేస్తుంది. ఆ రెండుసార్లను కరెంటు ఖాతాలో వేయండి. అనుమానించాల్సింది మూడోదాన్ని. పద్ధతిగా ఆపిన యంత్రం మర్నాడు ఆ మాట అన్నదంటే డిస్క్ రాసిందాన్ని తిరిగి చదవలేకపోతోందేమోనని అనుమానం. ఆ గేమ్ డిస్కు పెట్టి ఆడేది కాదు, స్టోర్ నుంచి దించుకున్నది కాబట్టి గేమ్ డిస్కుల్ని చదివే బ్లూ-రే లెన్స్ మీద నెపం వేయడానికి లేదు. ఒకే చోట బిగుసుకోవడం, డిస్క్‌లో ఒకే చోటు చదవలేక మళ్లీమళ్లీ ప్రయత్నిస్తున్నట్టే ఉంది. చివరి దశ అనలేను గానీ, తేలిగ్గా తీసుకునే దశ దాటింది. ఇప్పుడే సేఫ్ మోడ్‌లోకి (కన్సోల్ మరమ్మతు మెనూలోకి) వెళ్లి "రిస్టోర్ ఫైల్ సిస్టమ్" నొక్కకండి. ఆ పని డిస్క్ మీద రాస్తుంది, సరిచేసే క్రమంలో కొన్ని ఫైళ్లను తీసేయనూ వచ్చు. దాని వంతు కాపీ అయ్యాక.

ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే కాపీ అవుతుందా అన్నారు. అవ్వదు. పీఎస్3 తన డిస్క్ మీద రాసే ప్రతిదాన్నీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే రహస్య లిపిలోకి మారుస్తుంది, దాన్ని విప్పే కీ ఆ ఒక్క కన్సోల్‌కే సొంతం. ఏ ఇంటి తాళానికి ఆ ఇంటి చెవే. అందుకే డిస్క్ తీసి మరో పీఎస్3లో పెట్టినా అది ఫార్మాట్ చేయమంటుంది తప్ప చదవదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. డిస్క్ నిక్షేపంగా ఉండి కన్సోల్ బోర్డు కాలిపోయినా లోపలున్నది మామూలు పద్ధతిలో బయటికి రాదు. బయట ఒక కాపీ ఉండి తీరాల్సింది ఇందుకే. మీ వారన్నట్టు దీన్ని పారేసి వేరే పీఎస్3 కొన్నా, ఈ డిస్క్ దానికి పనికిరాదు. ప్లేస్టేషన్ 4, 5 అయితే పీఎస్3 గేమ్ డిస్కులనే ఆడించవు, కాబట్టి మీ దగ్గరున్న గేమ్స్ కోసం పీఎస్3యే కావాలి.

సరే, కాపీ. దీనికి కన్సోల్ విప్పక్కర్లేదు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. తమ్ముడి మాట దాటినట్టూ కాదు. 16 లేదా 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని కంప్యూటర్‌లో ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్‌, ఎన్‌టీఎఫ్ఎస్ అయితే పీఎస్3కి కనిపించవు. కన్సోల్ ఆన్ చేసి మీ తమ్ముడి యూజర్‌లోకి వెళ్లండి. ఇక్కడ చాలామంది పొరపడతారు. సేవ్‌లు యూజర్ వారీగా ఉంటాయి. మీ బాబు యూజర్‌లో ఉండి కాపీ చేస్తే తమ్ముడివి ఒక్కటీ రావు. అతని యూజర్‌లో గేమ్ వరసలో "సేవ్డ్ డేటా యుటిలిటీ (పీఎస్3)" తెరిచి, ట్రయాంగిల్ నొక్కితే ఒక్కొక్కటి కాకుండా చాలావాటిని కలిపి కాపీ చేసే అవకాశం కనిపిస్తుంది. అన్నీ ఎంచుకుని యూఎస్‌బీకి పంపండి. తర్వాత బాబు యూజర్‌లోకి వెళ్లి అదే పని. సేవ్‌లు చిన్నవి, మొత్తం కలిపినా గేమ్స్‌తో పోలిస్తే ఎంతో ఉండవు, కాబట్టి నీరసించిన డిస్క్‌కి కూడా ఇది పెద్ద శ్రమ కాదు. ఏదైనా ఒక సేవ్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి మిగతావి కానివ్వండి, ఆగినదాని పేరు రాసి పెట్టుకోండి. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్‌కి పెడితే ఒక్కో సేవ్‌కి ఒక్కో ఫోల్డర్ కనిపిస్తుంది. మొత్తాన్ని కంప్యూటర్‌లోకి ఒకసారి, ఆన్‌లైన్ డ్రైవ్‌లోకి ఒకసారి కాపీ చేయండి. తమ్ముడికి కూడా పంపేయండి, అతని ఆదుర్దాలో సగం అక్కడే తగ్గుతుంది.

కొన్ని సేవ్‌లు మాత్రం కాపీ కానంటాయి. గేమ్ చేసినవాళ్లే వాటికి కాపీ నిషేధం పెట్టారు. అవి బయటికి రావాలంటే మొత్తం బ్యాకప్ ఒక్కటే దారి, అది కూడా తిరిగి ఇదే కన్సోల్‌లోకి మాత్రమే ఎక్కుతుంది.

ట్రోఫీలు, అంటే ఆటలో సాధించినవాటికి వచ్చే గుర్తింపులు, సేవ్‌లలో భాగం కాదు. తమ్ముడి ఖాతాతో సైన్ ఇన్ అయి, ట్రోఫీ కలెక్షన్ మీద ట్రయాంగిల్ నొక్కి సర్వర్‌తో సింక్ చేయాలి. అతను ఖాతాకి రెండంచెల ధృవీకరణ పెట్టుకుని ఉంటే మామూలు పాస్‌వర్డ్‌ని పీఎస్3 ఒప్పుకోదు. అతను కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తన ప్లేస్టేషన్ ఖాతా సెట్టింగ్స్ తెరిచి "డివైస్ సెటప్ పాస్‌వర్డ్" తయారుచేసి మీకు పంపాలి. పీఎస్3లో పాస్‌వర్డ్ అడిగిన చోట దాన్ని కొట్టాలి. వీడియో కాల్‌లో అతను ఎదురుగా ఉండగా చేస్తే పది నిమిషాల పని.

సేవ్‌లు బయటపడ్డాక రెండో మెట్టు, మొత్తం బ్యాకప్. సెట్టింగ్స్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌, అందులో "బ్యాకప్ యుటిలిటీ". దీనికి యూఎస్‌బీ హార్డ్ డిస్క్ కావాలి, అదీ ఫ్యాట్32లోనే, ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలోనే ఉండాలి. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్ మామూలు ఫార్మాట్ కిటికీ ఫ్యాట్32గా చేయనివ్వదు, ఉచితంగా దొరికే ఫ్యాట్32 ఫార్మాట్ టూల్ వాడాలి. పీఎస్3కి ఉన్నవి యూఎస్‌బీ 2.0 పోర్టులు, 100 జీబీ డేటా ఉంటే కొన్ని గంటలు పడుతుంది. మధ్యలో ఆగితే మొదటి నుంచి మొదలెట్టాలి. ఇక్కడ ఒక నిర్ణయం మీది. అన్ని గంటలు ఏకబిగిన చదివించడం చెడిపోతున్న డిస్క్‌కి భారమే, చదవలేని చోటు తగిలితే బ్యాకప్ అక్కడే ఆగిపోవచ్చు. కాపీ నిషేధం ఉన్న సేవ్‌లలో తమ్ముడికి ముఖ్యమైనవి ఉంటే ఈ ప్రయత్నం తప్పదు. లేకపోతే దీన్ని వదిలేసినా నష్టం పెద్దగా లేదు. బరువు తగ్గించాలనుకుంటే, సేవ్‌లు బయటికి వచ్చాక మళ్లీ దించుకోగలిగే పెద్ద గేమ్స్‌ని తీసేసి అప్పుడు బ్యాకప్ పెట్టండి.

మళ్లీ దించుకోవడం గురించి ఒక మాట. పీఎస్3 స్టోర్‌ని 2021 జులైలో మూసేస్తామని సోనీ ప్రకటించి, అంతకు ముందే, అదే ఏడాది ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. కొన్న గేమ్స్‌ని అదే ఖాతాతో మళ్లీ దించుకోవచ్చు. కానీ తమ్ముడికి ఇది సెకండ్‌హ్యాండ్‌లో వచ్చింది కదా, అందులో అతనికి అమ్మిన మనిషి యూజర్, ఆ మనిషి కొన్న గేమ్స్ ఇంకా ఉన్నాయేమో చూడండి. అవి ఆ ఖాతాకి చెందినవి. ఒకసారి తీసేస్తే మీ వాళ్లెవరి లాగిన్‌తోనూ తిరిగి రావు. అలాంటివాటిని తొందరపడి తీసేయకండి.

కాపీ అయిందంటే ఇక డిస్క్ ఏ స్థితిలో ఉందో కొలవొచ్చు. దీనికి విప్పాలి, కానీ భయపడే పని కాదు. యజమానే డిస్క్ మార్చుకునేలా సోనీ దీన్ని తయారుచేసింది. కన్సోల్ ఆపి, ప్లగ్గుతో సహా వైర్లన్నీ తీసి బోర్లా పెట్టండి. అడుగున ముందువైపు చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని కింద ఒక నీలం రంగు స్క్రూ. అది మెత్తటి లోహం. గాడికి సరిపోని స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే గాడి అరిగి, ఇక ఏదీ పట్టదు. సరైన సైజు స్టార్ స్క్రూడ్రైవర్‌ని నిటారుగా పెట్టి, గట్టిగా అదిమి, నెమ్మదిగా తిప్పండి. నీలం స్క్రూ వచ్చాక డిస్క్ అర మూత జారుతుంది, లోపల లోహపు పిడి కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని నేరుగా బయటికి లాగాలి. డిస్క్‌ని లోహపు ఫ్రేముకి పట్టి ఉంచేవి మరో నాలుగు స్క్రూలు. పరీక్షకి వాటిని విప్పక్కర్లేదు, కనెక్టర్‌కి కేబుల్ అందితే చాలు.

సాటా (ఈ డిస్క్ కనెక్టర్ రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో డిస్క్‌ని విండోస్ కంప్యూటర్‌కి పెట్టగానే "ఈ డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయాలి" అనో, "ఫార్మాట్ చేయాలి" అనో ఒక కిటికీ రావచ్చు. క్యాన్సిల్ నొక్కండి. అలవాటుగా ఓకే నొక్కితే డిస్క్ మొదట్లో విండోస్ తన రాత రాసేస్తుంది, ఆ తర్వాత పీఎస్3 దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. ఈ కిటికీ వస్తుందని పక్కనున్న బాబుకి కూడా ముందే చెప్పి ఉంచండి. ఇప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. లోపలి డేటా చదవకుండానే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకున్న లెక్కల్ని ఇది చూపిస్తుంది, కాబట్టి ఎన్‌క్రిప్షన్ అడ్డు కాదు.

చూడాల్సినవి నాలుగు వరసలు. 05 అన్నది చెడిపోయి పక్కనపెట్టిన సెక్టార్ల (డిస్క్ మీది చిన్న చిన్న గడుల) లెక్క. సీ5 చదవలేక అనుమానంలో పెట్టినవి. సీ6 అసలు చదవలేమని తేల్చినవి. సీ7 కేబుల్, కనెక్టర్ దగ్గర వచ్చిన లోపాలు. వీటికి చివరి గడిలో ఉండే "రా వాల్యూ" ముఖ్యం. ఆ ప్రోగ్రామ్ దాన్ని మామూలుగా పదహారు మూల సంఖ్యల్లో చూపిస్తుంది. అంటే అక్కడ 20 కనిపిస్తే మన లెక్కలో 32. ఫంక్షన్ మెనూలో దాన్ని పది మూలానికి మార్చుకోవచ్చు. మొదటి మూడూ సున్నా అయితే డిస్క్ పళ్లేలు బాగున్నట్టే, మీ సమస్య కరెంటుదో ఫైల్ సిస్టమ్‌దో అయ్యుండొచ్చు. సీ5లో సున్నా కాక ఏ అంకె ఉన్నా ఆ డిస్క్‌ని ఇక నమ్మకూడదు. 05లో చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకపోతే కొన్నాళ్లు నడుస్తుంది, వారం వారం పెరుగుతుంటే లేదు. సీ7 ఒక్కటే ఉంటే డిస్క్‌ని తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి చూడండి.

ఇక మీ ముందున్న దారులు.

లెక్కలు శుభ్రంగా ఉంటే పాత డిస్క్‌నే తిరిగి పెట్టండి, సేఫ్ మోడ్‌లో మరమ్మతు చేయండి. కన్సోల్ ఎర్ర లైటుతో ఉన్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే బీప్‌లు వచ్చి తిరిగి ఆగిపోతుంది, చెయ్యి తీయండి. మళ్లీ నొక్కి పట్టుకుని, చివర్లో గబగబా రెండు బీప్‌లు వినపడగానే వదలండి. కంట్రోలర్‌ని కేబుల్‌తో కలిపి పీఎస్ బటన్ నొక్కమంటుంది. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక మినీ యూఎస్‌బీ కేబుల్ ఇక్కడ పనిచేయదు, డేటా వెళ్లేది కావాలి. మెనూలో మూడోది "రిస్టోర్ ఫైల్ సిస్టమ్", నాలుగోది "రీబిల్డ్ డేటాబేస్". ఈ రెండో పని సేవ్‌లని, గేమ్స్‌ని ముట్టుకోదు గానీ మెసేజ్‌లు, ప్లేలిస్టులు, వీడియో ఎక్కడ ఆపామన్న గుర్తులు పోతాయి. ఐదోది "రిస్టోర్ పీఎస్3 సిస్టమ్", అది మొత్తం తుడిచేస్తుంది. మూడు, నాలుగు దగ్గర ఆగండి.

లెక్కలు బాగాలేకపోతే, సంక్రాంతి దాకా ఆపి ఉంచడం ఒక దారి. తమ్ముడి మాట నిలబడుతుంది, బాబు నిరాశపడతాడు. సేవ్‌లు బయట ఉన్నాయి గనక ఈ దారిలో పోయేది పెద్దగా లేదు. కాపీ తీయకుండా ఊరికే ఆపి ఉంచడం మాత్రం వేరు. ఆగి ఉన్న డిస్క్ అరగదు నిజమే, మళ్లీ లేచేటప్పుడు లేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

రెండో దారి, ఇప్పుడే కొత్త హార్డ్ డిస్క్. 2.5 అంగుళాల సాటా, మందం 9.5 మిల్లీమీటర్లు దాటకూడదు. 7 మిల్లీమీటర్లది కూడా కూర్చుంటుంది. 12.5, 15 మిల్లీమీటర్లవి పట్టవు. 500 జీబీ చాలు, 1 టీబీ దాటి వెళ్లకండి, అంతకన్నా పెద్దవాటితో చిక్కులు రావచ్చు. ఇప్పుడు దొరికే 1 టీబీ ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం. ట్రాకుల్ని (రాత వరసల్ని) ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కించి రాస్తాయి గనక, గేమ్ ఇన్‌స్టాల్ లాంటి పెద్ద రాతల దగ్గర బాగా నెమ్మదిస్తాయి. దొరికితే, అలా ఎక్కించకుండా రాసే సీఎంఆర్ రకం అడగండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కొనేటప్పుడు సీలు చూసి సరిపెట్టుకోకండి. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవి కూడా అమ్మకానికి వస్తుంటాయి. అక్కడే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పెట్టించి, నడిచిన గంటలు ఒకటి రెండంకెలు దాటకుండా ఉన్నాయా, 05, సీ5 సున్నాయేనా చూశాకే డబ్బివ్వండి.

మూడో దారి మీ బాబు చెప్పిన ఎస్‌ఎస్‌డీ. పీఎస్3 సాటా మొదటి తరంది, సెకనుకి 1.5 గిగాబిట్లే, కాబట్టి ఎస్‌ఎస్‌డీ అసలు వేగం అందులో బయటపడదు. లోడింగ్ కొంత తగ్గుతుంది, అంతే. వేగం కోసమైతే డబ్బు దండగ అనే నా అభిప్రాయం. అయినా ఇందులో తిరిగే భాగాలు లేవు, కుదుపులకి చెడదు, వేడి తక్కువ, చప్పుడు లేదు. పిల్లలున్న ఇంట్లో ఆ కారణం చాలు. రెండు జాగ్రత్తలున్నాయి. ఏ చోటు ఖాళీ అయిందో ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ అనే ఆదేశాన్ని పీఎస్3 పంపదు. అందుకని డ్రైవ్‌ని నిండా నింపకండి, పావు వంతు ఎప్పుడూ ఖాళీగా వదలండి. రెండోది, ఎస్‌ఎస్‌డీ మెమరీ విద్యుత్ ఆవేశంగా నిలుస్తుంది, ఏళ్ల తరబడి కరెంటు ఇవ్వకుండా వేడిలో వదిలేస్తే అది జారిపోవచ్చు. రాత పరిమితి అంతా వాడేశాక కూడా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలపాలన్నది ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీలకి ఉన్న ప్రమాణం. ఖమ్మం ఎండల్లో మూసిన గదిలోని అటక మీద ఎంత వేడుంటుందో మీకు చెప్పక్కర్లేదు. వాడకపోయినా రెండు మూడు నెలలకోసారి ఆన్ చేసి గంటసేపు ఉంచండి.

నాలుగోది డిస్క్‌ని సెక్టార్ సెక్టార్‌గా నకలు తీయడం. బ్యాకప్ యుటిలిటీ మధ్యలో ఆగిపోయి, కాపీ నిషేధం ఉన్న సేవ్ ఒకటి కావలసే తీరాలంటే ఇదే మిగులుతుంది. విండోస్ బదులు వాడే లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ చదవగలిగిన చోట్లన్నీ ముందు తీసుకుని, చదవలేనివాటి దగ్గరికి తర్వాత వస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయిన రాతనే యథాతథంగా మోస్తుంది గనక అదే కన్సోల్‌లో పనిచేస్తుంది. అంతే సైజు డిస్క్ వాడటం మేలు, పెద్దది వాడితే అదనపు చోటు కనిపించకపోవచ్చు. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అన్నది తారుమారైతే అంతా పోతుంది, కాబట్టి ఇది తెలిసినవాళ్ల చేత చేయించండి. మీ తమ్ముడికి లైనక్స్ అలవాటుంటే అతనికే వదిలేయడం మంచిది.

కొత్త డిస్క్ పెట్టాక కన్సోల్ నేరుగా మెనూకి రాదు. స్లిమ్ మోడళ్లలో బోర్డు మీదున్న ఫ్లాష్ మెమరీ 16 ఎంబీ మాత్రమే, సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం డిస్క్ మీదే ఉంటుంది. అందుకే కొత్త డిస్క్ చూడగానే అప్‌డేట్ ఫైల్ అడుగుతుంది. మరో కంప్యూటర్‌లో సోనీ సైట్ నుంచి దాన్ని దించండి, 200 ఎంబీ వరకు ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఇంగ్లీషు పెద్దక్షరాలతో "పీఎస్3" ఫోల్డర్, దాని లోపల "అప్‌డేట్" ఫోల్డర్, అందులో ఆ ఫైల్. రెండోసారి దించినప్పుడు పేరు చివర (1) చేరితే కన్సోల్ దాన్ని గుర్తించదు, తీసేయండి. వెర్షన్ కన్సోల్‌లో ఇప్పటిదాకా ఉన్నదానికి సమానమో, కొత్తదో అయ్యుండాలి. తర్వాత తెర మీద చెప్పినట్టు స్టార్ట్, సెలెక్ట్ కలిపి నొక్కడమే. బ్యాకప్ ఉంటే అప్పుడే తిరిగి ఎక్కించండి. బ్యాకప్ ఎక్కించే పని ముందు డిస్క్ మీదున్నదంతా తుడిచేస్తుంది, కాబట్టి బాబు కొత్తగా రెండు రోజులు ఆడుకున్నాక ఎక్కిస్తే ఆ రెండు రోజుల ఆట పోతుంది.

కొత్తదీ ఇలాగే పోతుందా అన్నారు. చాలావరకు అది కరెంటు చేతిలో ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఎకో మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. నార్మల్‌లో మారే క్షణం ఫ్యానుకి తెలియదు గానీ కన్సోల్ ఆగిపోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో ఆ మార్పు తొందరగా జరుగుతుంది. ఇన్వర్టర్ లేకపోతే కంప్యూటర్లకి వాడే 600 వీఏ యూపీఎస్ చాలు, స్లిమ్ ఆడేటప్పుడు తీసుకునేది సుమారు వంద వాట్లే. కరెంటు పోగానే ఆట ఆపేసి మూసేయడానికి ఆ కొద్ది నిమిషాలు సరిపోతాయి.

ఆపే పద్ధతి బాబుకి ఒకసారి చూపించండి. మెనూలోంచి ఆపమని చెప్పాక ఆకుపచ్చ లైటు కొంతసేపు మిణుకుమిణుకుమంటుంది, అప్పటికి డిస్క్ ఇంకా రాస్తూనే ఉంటుంది. లైటు ఎర్రగా మారి నిలిచాకే గోడ మీది స్విచ్ తీయాలి. ఆన్‌లో ఉండగా కన్సోల్‌ని జరపడం, నిలువుగా ఉన్నదాన్ని పడుకోబెట్టడం కూడదు. నిలువుగానో అడ్డంగానో ఉంచడంలో తేడా లేదు, తిరుగుతున్నప్పుడు కదపడంలోనే ప్రమాదం. టీవీ స్టాండు మూసిన అరలో కాకుండా చుట్టూ అరచేతి వెడల్పు ఖాళీ వదిలి పెట్టండి, గాలి రంధ్రాల్లో దుమ్ముని బ్రష్షుతో నెలకోసారి తీయండి. డిస్క్ నిండా గేమ్స్ ఉంచకండి. స్టోర్ నుంచి దించే గేమ్‌కి దింపేటప్పుడు, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు కలిపి దాదాపు రెట్టింపు చోటు కావాలి.

తీసిన పాత డిస్క్‌ని పారేయకండి, షాపులో వదలకండి. పని షాపులో చేయిస్తే పాతది తిరిగి ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి. దాని మీద కన్సోల్ సీరియల్ నంబరు, తీసిన తేదీ రాసి, పొడి చోట పెట్టండి. కొత్త డిస్క్‌లో తమ్ముడి సేవ్‌లు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నాయని సంక్రాంతికి అతనే కూర్చుని చూసుకున్నాక, దాన్ని ఉంచాలో వద్దో అతనే తేలుస్తాడు.